ముందు మీ టైమ్‌టేబుల్ చూపించండి: టెక్సాస్ స్కూల్లో ఒక ఈఎస్ఎల్ కేస్ స్టడీ

ఆ స్కూల్లో నా గది కాపీ మెషిన్ గదికి ఆనుకుని ఉండేది. నలుగురు పిల్లల్ని గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని కథ మొదలుపెట్టగానే గోడ అవతల మెషిన్ గరగరమనేది. ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చి స్టేప్లర్ పిన్నులు ఉన్నాయా అని అడిగేవారు. నెలలో నాలుగైదు రోజులైతే ఆ గదికి తాళమే. ఎవరైనా టీచర్ సెలవు పెట్టి, బదులు మనిషి దొరక్కపోతే ఆఫీసు నుంచి ఫోన్ నాకే వచ్చేది. ఇవాళ రెండో తరగతి మీరు చూసుకోండి అనేవారు. ఆ రోజు నా దగ్గరికి రావలసిన పిల్లలు వాళ్ల క్లాసుల్లోనే ఓ మూల ఉండిపోయేవారు. వాళ్ల తల్లిదండ్రుల్లో ఒక్కరూ దీని గురించి అడగలేదు. అసలు వాళ్లకు తెలిసే దారి ఏదీ?

నేను డాలస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊళ్లో, ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో ఈఎస్ఎల్ (ఇంగ్లీష్ యాజ్ ఎ సెకండ్ లాంగ్వేజ్, అంటే రెండో భాషగా ఇంగ్లీష్) టీచర్‌ని. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు ఇంగ్లీష్ నేర్పడం, ఆ ఇంగ్లీష్‌లో చెప్పే సైన్సు, లెక్కలు, సోషల్ వాళ్లకు అర్థమయ్యేలా చూడడం నా పని. ఫెడరల్ చట్టం వీళ్లను ఇంగ్లీష్ లెర్నర్లు అంటుంది. టెక్సాస్ 2021లో పేరు మార్చి ఎమర్జెంట్ బైలింగ్వల్ (రెండు భాషలు పట్టుబడుతున్న పిల్లలు) అనడం మొదలుపెట్టింది. స్టాఫ్ రూమ్‌లో మాత్రం మేమంతా ఇంకా ఈఎస్ఎల్ పిల్లలనే అంటాం.

ఇక్కడ రాస్తున్నది ఒక ప్రిన్సిపాల్ రెండేళ్లలో ఏం చేసిందో దాని గురించి. స్కూలు పేరు, మనుషుల పేర్లు రాయను. ఒక పిల్లవాడి గురించి మాత్రం ఎక్కువ చెబుతాను. వాడిని చిన్నా అందాం.

ఆవిడ ఆగస్టులో చేరింది. కొత్త ప్రిన్సిపాల్ పిలిచిందంటే స్కోర్లు అడుగుతుందని, కిందటి ఏడాది టెల్‌పాస్ ఫలితాల ఫైలు పట్టుకుని వెళ్లాను. టెల్‌పాస్ అంటే ఈఎస్ఎల్ పిల్లలందరికీ ఏటా వసంతంలో పెట్టే రాష్ట్ర పరీక్ష. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ ఉంటాయి. ఆవిడ ఫైలు పక్కన పెట్టి, "ముందు మీ టైమ్‌టేబుల్ చూపించండి" అంది.

నా దగ్గర టైమ్‌టేబుల్ అని చెప్పుకోదగ్గది లేదు. ఉన్నదల్లా మిగతా అందరి టైమ్‌టేబుళ్లు అయ్యాక మిగిలిన సందులు. మొదటి తరగతి, మూడో తరగతి, నాలుగో తరగతి మూడింటికీ ఉదయం తొమ్మిదికే రీడింగ్ గంట. నేను ఒక్కదాన్ని. ఆ గంటలో ఒక తరగతికి వెళితే మిగతా రెండిటికి లేనట్టే. వాళ్లను మధ్యాహ్నం సైన్సులోంచి బయటికి పిలిచేదాన్ని. ఇంగ్లీష్ నేర్పడానికి సైన్సు పోగొట్టడం! తప్పని నాకూ తెలుసు. కానీ రోజూ చేసేదే కాబట్టి తప్పులా అనిపించడం మానేసింది.

ఆవిడ ఆ కాగితం రెండు నిమిషాలు చూసి, "సబ్‌గా ఎన్ని రోజులు పంపారు?" అని అడిగింది. సబ్ అంటే సెలవు పెట్టిన టీచర్‌కి బదులు వెళ్లే మనిషి. డైరీ చూసి చెప్పాను. ఆ సంఖ్య ఇక్కడ రాయను, రాస్తే పాత వాళ్ల మీద చాడీలా ఉంటుంది. ఆవిడ పెన్ను తీసి రాసుకుంది.

టైమ్‌టేబుల్ తిరగేసిన వారం

బయటివాళ్లకు చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, స్కూల్లో మాస్టర్ షెడ్యూల్, అంటే స్కూలు మొత్తం టైమ్‌టేబుల్, ఎవరితో మొదలవుతుందో వాళ్లదే పెత్తనం. మా దగ్గర ముందు లంచ్ గంటలు వేసేవారు. తర్వాత పీఈ, మ్యూజిక్, ఆర్ట్. ఆపైన గిఫ్టెడ్ పిల్లల క్లాసులు, రీడింగ్ ఇంటర్‌వెన్షన్ (వెనకబడిన పిల్లలకు అదనపు క్లాసు). చివర్లో ఈఎస్ఎల్. ఆవిడ దీన్ని తలకిందులు చేసింది. ఈఎస్ఎల్, స్పెషల్ ఎడ్యుకేషన్ గంటలు ముందు వేసి, వాటి చుట్టూ మిగతావి సర్దింది. ఏ రెండు తరగతులకూ రీడింగ్ గంట ఒకే టైమ్‌లో పడకుండా విడగొట్టింది. దాంతో రెండో తరగతి లంచ్ పొద్దున 10:45కి వచ్చింది. వాళ్ల టీచర్లు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆకలి లేకుండా తినమంటే పిల్లలు పాలు పారబోస్తున్నారని ఒకావిడ నా మొహం మీదే అంది. ఆ మాటలో న్యాయం ఉంది. ఆవిడకు అప్పటికి నా దగ్గర సమాధానం లేదు.

కొత్త ఏర్పాటు ఇది. దేశానికి కొత్తగా వచ్చిన పిల్లలకు మాత్రం రోజూ 45 నిమిషాలు నా గదిలో విడిగా క్లాసు. మిగతా పిల్లల కోసం నేనే వాళ్ల క్లాసుకి వెళ్లి, ఆ టీచర్‌తో కలిసి పాఠం చెప్పాలి. సైన్సు, సోషల్, ఆటల గంటలోంచి ఎవరినీ లాగకూడదు. నన్ను సబ్‌గా పంపాలంటే ఆఫీసు ముందు ప్రిన్సిపాల్‌ని అడగాలి. మామూలుగా ఎవరూ అడగరు, బాస్ దగ్గరికి వెళ్లి అడగాలంటే ఎవరికైనా మొహమాటమే కదా. నాకు వేరే గది కూడా ఇచ్చింది. కిటికీ ఉన్న గది.

ఇంతవరకు చేసిందాంట్లో ఒక్క డాలరు ఖర్చు లేదు. అందుకే ఇది ముందు రాశాను.

చిన్నా

దసరా సెలవులు అయ్యాక హైదరాబాద్ నుంచి వచ్చాడు. నాలుగో తరగతిలో చేర్చారు. అక్కడ ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు స్కూలు. గుండ్రటి కలిపిరాతతో పేజీ నింపేవాడు. స్పెల్లింగ్ తప్పేవాడు కాదు. నోరు మాత్రం విప్పేవాడు కాదు.

చేర్చేటప్పుడు నింపే కాగితాల్లో హోమ్ లాంగ్వేజ్ సర్వే ఒకటుంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఏ భాష మాట్లాడతాడు అని అడుగుతుంది. వేరే భాష పేరు రాస్తే పిల్లవాడికి ఇంగ్లీష్ పరీక్ష పెడతారు. చేరిన నాలుగు వారాల్లోపు పరీక్ష, పిల్లవాడికి ఈఎస్ఎల్ కావాలో తేల్చే స్కూలు కమిటీ, నిర్ణయం అన్నీ అయిపోవాలి. చిన్నా వాళ్ల నాన్న ఇంగ్లీష్ అని రాశాడు. మూడో రోజు సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే కార్ల వరసలో నా ఐడీ కార్డు మీద పేరు చూసి అద్దం దించాడు.

"మేడమ్, మీరు తెలుగువాళ్లా?"

"అవునండీ."

"మావాడు క్లాసులో ఏమీ మాట్లాడట్లేదంటున్నారు. ఇంట్లో గోల గోల చేస్తాడండీ!"

ఇంగ్లీష్ అని ఎందుకు రాశారని అడిగితే కాస్త తడుముకున్నాడు. ఈఎస్ఎల్‌లో పడితే తక్కువ సెక్షన్‌లో వేస్తారని అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పారట. మన ఊళ్లో ఏ సెక్షన్, బీ సెక్షన్ చూసి పెరిగిన తండ్రి. ఆయన భయం నాకు వింతగా అనిపించలేదు. ఏం రాయాలో నేను చెప్పకూడదు, చెప్పలేదు. ఆ ప్రశ్నలు ఎందుకు అడుగుతారో, చేరిన రెండు వారాల్లోపు, ఇంకా పరీక్ష పెట్టకముందే అయితే దిద్దుకునే వీలుందని మాత్రం చెప్పాను. మర్నాడు వచ్చి దిద్దారు.

దీనిలో ప్రిన్సిపాల్ చెయ్యి ఉంది. ఆగస్టులోనే ఆవిడ ముందాఫీసు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ఆ సర్వే కాగితం తల్లిదండ్రులకు నింపమని ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో వివరించింది. దాని ఉద్దేశం ఏమిటో నాలుగు వాక్యాలు తెలుగు, స్పానిష్, మరో రెండు భాషల్లో అచ్చు వేయించి కౌంటర్ మీద పెట్టింది. తెలుగుది నేనే రాశాను. "మీ పిల్లల్ని వెనకబడిన సెక్షన్‌లో వేయడానికి కాదు" అన్న వాక్యం ఆ కార్ల వరస మాటల తర్వాత చేర్చాను.

పరీక్షలో చిన్నా మాట్లాడే భాగం నేనే కూర్చుని పెట్టించాను. చదవడంలో, రాయడంలో బాగానే వచ్చింది. మాట్లాడడంలో అట్టడుగు. బొమ్మ చూపించి ఏం జరుగుతోందో చెప్పమంటే ఒక్కొక్క పదం వాక్యంలా పేర్చుకుని, మనసులో దిద్దుకుని, ఇక చెబుదాం అనుకునేసరికి టైమ్ అయిపోయేది.

తెలుగు పిల్లల్లో ఇదొక రకం. రెండో రకం ఇక్కడే పుట్టి, ఆటస్థలంలో గడగడా ఇంగ్లీష్ మాట్లాడి, పేరాగ్రాఫ్ రాయమంటే నీళ్లు నమిలేవాళ్లు. వీళ్లను పట్టుకోవడం మహా కష్టం, వినడానికి అంతా బాగుంటుంది కాబట్టి. మూడో రకం ఇక్కడ పుట్టి, ఏడాది నిండకుండానే అమ్మమ్మగారింటికి వెళ్లి, బడి వయసుకు తిరిగొచ్చినవాళ్లు. పాస్‌పోర్టు అమెరికాది, మాట ఒంగోలుది. ముగ్గురికీ ఒకే వర్క్‌షీట్ ఇస్తే ముగ్గురికీ పనికిరాదు. ఈ తేడా ప్రిన్సిపాల్‌కి తెలిస్తేనే టీచర్‌కి ఆ మేరకు టైమ్ దొరుకుతుంది.

ఇరవై నిమిషాల లెక్క

నవంబర్‌లో ఒక రోజు ఆవిడ నాలుగో తరగతి సోషల్ క్లాసులో వెనకాల చిన్న కుర్చీలో కూర్చుంది. చేతిలో పసుపు స్టికీ నోట్ల కట్ట. నాలుగో తరగతిలో టెక్సాస్ చరిత్ర చెబుతారు. ఆ రోజు అమెరికా నుంచి జనం టెక్సాస్‌కి ఎందుకు వలస వచ్చారన్న పాఠం. టీచర్ మంచి టీచర్. బోర్డు మీద మ్యాప్, చేతిలో బొమ్మలు, గొంతులో ఉత్సాహం. ప్రశ్న అడిగితే పదిహేను చేతులు లేచేవి. ఆవిడ వాళ్లలో ఒకరిని అడిగేది.

ప్రిన్సిపాల్ చూసింది టీచర్‌ని కాదు, చిన్నాని. ప్రతి నిమిషానికి ఒక గీత. వింటున్నాడా, రాస్తున్నాడా, మాట్లాడుతున్నాడా. ఇరవై నిమిషాలయ్యాక ఆ నోటు నాకు చూపించింది. మాట్లాడడం కింద ఒకటే గీత. పక్కన ఆ మాట కూడా రాసి ఉంది: ఎస్.

దాన్ని టీచర్‌కి ఎలా ఇచ్చిందో అదే నాకు నచ్చింది. సాయంత్రం ముగ్గురం కూర్చున్నప్పుడు, "నేను క్లాసు చెప్పే రోజుల్లో ఎవరైనా ఇలా లెక్కపెడితే నాకూ ఇదే వచ్చేది" అని ముందు తన మీద వేసుకుంది. ఆ మాటతో టీచర్ భుజాలు దిగాయి. అప్పుడు టీచర్ తన నోట్సు తీసింది. అందులో చిన్నా గురించి, అర్థమైందా అని అడిగినప్పుడల్లా లేదని తల ఊపుతున్నాడని రాసుకుంది. ఎలా ఊపుతున్నాడో చూపించమన్నాను. ఆవిడ తలను అటూ ఇటూ మెల్లగా వాల్చి చూపించింది.

నాకు నవ్వాగలేదు. అది మన "సరే సరే". వారాల తరబడి పిల్లవాడు అర్థమైందని చెబుతుంటే, ఆవిడ అర్థం కాలేదని రాసుకుంటోంది!

ఇంకోటి కూడా అప్పుడే బయటపడింది. చేరిన రెండో వారంలో వాడు చెయ్యెత్తి, "మిస్, ఐ హావ్ ఎ డౌట్" అన్నాడట. ఇక్కడి ఇంగ్లీష్‌లో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. మన దగ్గర ప్రశ్న అడగడమే డౌట్ అడగడం. టీచర్ సరదాగా, నేను చెప్పింది నమ్మవా అంది. క్లాసంతా నవ్వింది. వాడు చెయ్యెత్తడం ఆ రోజుతో మానేశాడు. ఎరేజర్‌ని రబ్బర్ అన్నందుకు ఇంకోసారి నవ్వారని తర్వాత వాడే చెప్పాడు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లవాడికి నీకు ఇంగ్లీష్ రాదు అన్న సంకేతం ఇలా అందుతుంది. రాదన్నది ఇంగ్లీష్ కాదు, ఇక్కడి వాడుక.

ఆ సాయంత్రం ఒప్పుకున్నది చిన్న పని. టీచర్ ప్రశ్న అడిగాక ఎవరి చెయ్యీ చూడదు. పక్కవాడితో ఒక నిమిషం మాట్లాడుకోమంటుంది. బోర్డు మీద వాక్యం సగం రాసి ఉంటుంది: "ద సెట్లర్స్ కేమ్ టు టెక్సాస్ బికాజ్..." మిగతా సగం పిల్లలు నింపి చెప్పాలి. ఆ ఒక్క నిమిషంలో ఇరవైమందీ మాట్లాడతారు. ప్రిన్సిపాల్ డిసెంబర్‌లో మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది. అదే లెక్క. చిన్నా పేరు కింద ఏడు గీతలు, అందులో మూడు పూర్తి వాక్యాలు. తర్వాత ఆవిడ మిగతా తరగతుల్లోనూ నెలకొకసారి ఇలా ఒక్క పిల్లవాడిని ఎంచుకుని కూర్చునేది. టీచర్లకు మొదట టెన్షన్. మార్కులు వేయడం లేదని నమ్మకం కుదరడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

లెక్కల్లో కూడా ఇలాంటిదే చూశాను. చిన్నాకి భాగాహారం మంచినీళ్ల ప్రాయం. కానీ ఒక ప్రశ్నలో, రియా దగ్గర 45 స్టిక్కర్లు ఉన్నాయి, అవి మాయా దగ్గరున్న వాటికన్నా 12 ఫ్యూయర్ (తక్కువ), మాయా దగ్గర ఎన్ని అంటే, 33 అని రాశాడు. ఫ్యూయర్ అన్న మాట కనబడగానే తీసేశాడు. అదే ప్రశ్న నేను తెలుగులో అడిగితే రెప్ప వేయకుండా 57 అన్నాడు. లెక్కల టీచర్ వాడిని ఇంటర్‌వెన్షన్ గుంపులో వేద్దామనుకుంటోంది. తెలుగులో అడిగి చూడకపోతే వేసేవాళ్లే. ప్రతి తరగతి టీచర్లూ వారానికొకసారి కలిసి పాఠాలు వేసుకునే సమావేశాల్లో నాకు కుర్చీ వేయించింది ప్రిన్సిపాల్. అక్కడ ఉన్నాను కాబట్టే ఈ సంగతి ఆ సమయానికి చెప్పగలిగాను. అంతకు ముందు ఆ గంటలో నేను కాఫెటీరియా డ్యూటీలో ఉండేదాన్ని.

ఏడు గంటలకు, లైబ్రరీలో

పరీక్షలో ఇంగ్లీష్ చాలదని తేలినా, తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే ఈఎస్ఎల్ క్లాసు. వద్దని సంతకం పెట్టే హక్కు వాళ్లకు ఉంది. మా స్కూల్లో అలా వద్దన్నవాళ్లలో తెలుగువాళ్లం తక్కువేమీ కాదు. అయితే వద్దన్నా టెల్‌పాస్ పరీక్ష తప్పదు. ప్రోగ్రామ్ నుంచి బయటపడే ప్రమాణాలు అందుకునేదాకా ఏటా రాయాల్సిందే. అంటే సాయం పోతుంది, పరీక్ష మిగులుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ప్రిన్సిపాల్ తెలుగు తల్లిదండ్రులకు విడిగా సమావేశం పెట్టమంది. మొదటిసారి సాయంత్రం నాలుగింటికి పెట్టాం. నేను, ఆవిడ, ఇరవై కుర్చీలు, రెండు డబ్బాల కుకీలు. ఎవరూ రాలేదు. రెండోసారి ఏడింటికి పెట్టి, స్కూలు ఈమెయిల్‌తో పాటు తెలుగులో ఒక మెసేజ్ రాసి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో వేయమని ఇద్దరు తల్లులకు ఇచ్చాను. లైబ్రరీ నిండింది. తాతయ్యలు, అమ్మమ్మలు కూడా వచ్చారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చినవాళ్లు. పిల్లల్ని బస్సు దగ్గర దించేదీ, సాయంత్రం కబుర్లు వినేదీ వాళ్లే.

చిన్నా వాళ్ల నానమ్మే ముందు లేచింది. "ఏమ్మా, ఇంట్లో మా బుడ్డోడు నోరు మూస్తే ఒట్టు. ఇక్కడేమో మూగోడిలా కూర్చుంటాడంట. బడిలో ఏమన్నా భయపెడుతున్నారా?"

కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్నాళ్లు వినడమే పనిగా పెట్టుకుంటారని, చంటిపిల్లలు ఏడాది విన్నాకే మాట్లాడినట్టే ఇదీ అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వాళ్ల నాన్న కూడా మూడేళ్లొచ్చేదాకా మాట్లాడలేదులే" అంది. కొడుకు తల దించుకున్నాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడమని ఒక టీచర్ చెప్పారు, అలా చేస్తున్నాం, మరి తెలుగు మర్చిపోతే ఎలా అని ఒక తల్లి అడిగింది. అది విని ప్రిన్సిపాల్ వైపు చూశాను. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా గంటన్నరా అక్కడే కూర్చుంది. నేను అనువదించి చెప్పగానే లేచి, అందరికీ వినపడేలా, ఆ సలహా తప్పు, మా స్కూలు తరఫున వెనక్కి తీసుకుంటున్నాను అంది. మీకు బాగా వచ్చిన భాషలో పిల్లలతో మాట్లాడండి, కథలు చెప్పండి, వాదించండి అంది. ఇదే మాట నేను పదిసార్లు చెప్పి ఉంటాను. ప్రిన్సిపాల్ చెబితే పడే బరువు వేరు. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే మాటామంతీ భాషకీ చదువు భాషకీ తేడా చెప్పాడు. ఆటస్థలం ఇంగ్లీష్ రెండేళ్లలో వస్తుంది, పాఠ్యపుస్తకం ఇంగ్లీష్‌కి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అంత పెద్ద ప్రయాణానికి ఇంటి భాషలో ఉన్న తెలివి అంతా కావాలి.

ఆ రాత్రి వద్దన్న కుటుంబాల్లో కొన్ని కాగితాలు మార్చి ఇచ్చాయి. కొన్ని ఇవ్వలేదు. ఒకాయన బయటికి వెళుతూ, "అర్థమైంది మేడమ్, కానీ రికార్డులో ఈఎస్ఎల్ అని ఉంటే రేపు కాలేజీకి ఇబ్బంది కదా" అన్నాడు. కాదని చెప్పాను. నమ్మలేదు.

డబ్బు, చట్టం

టెక్సాస్‌లో ఒక్కో ఈఎస్ఎల్ పిల్లవాడికి బేసిక్ అలాట్‌మెంట్‌లో (స్కూళ్లకు పిల్లవాడికింత అని లెక్కగట్టే మూల మొత్తంలో) పదో వంతు అదనంగా వస్తుంది. 2019 నుంచి కొన్నేళ్ల పాటు ఆ బేసిక్ 6,160 డాలర్ల దగ్గరే ఉంది కాబట్టి అప్పటి లెక్క 616 డాలర్లు. తల్లిదండ్రులు వద్దంటే అదీ రాదు. డబ్బు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థకి, వెళుతుంది. మా భాగం ఎక్కడికి పోతోందని అడిగిన మొదటి మనిషి ప్రిన్సిపాలే. చాలామటుకు ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు పోతోందని తేలింది. పిల్లల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి అరగంట కూర్చోబెట్టేది అదే. ఇంగ్లీష్ మాట్లాడడం నేర్చుకోవాల్సిన పిల్లవాడు రోజులో అరగంట ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడానికి మేం డబ్బు కడుతున్నాం! ఆవిడ లైసెన్సులు సగానికి తగ్గించమని అడిగి, మిగిలినదాన్ని రెండింటికి పెట్టింది. ఈఎస్ఎల్ సర్టిఫికేట్ పరీక్ష రాసే క్లాసు టీచర్లకు ఫీజు, నెలకోసారి వాళ్లు నాతో సగం రోజు కూర్చుని పాఠాలు తయారుచేసుకోవడానికి సబ్‌లు. ఈసారి సబ్‌లు మాకోసం వచ్చారు.

చట్టం సంగతి ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. కానీ ప్రతి జనవరిలో ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి మా కమిటీ ముందు పెట్టేది. మనం చేస్తున్న పద్ధతికి ఆధారం ఉందా? దానికి కావలసిన మనుషులు, టైమ్ నిజంగా ఇచ్చామా? ఫలితం రాకపోతే ఏం మార్చాం? ఇవి ఆవిడ సొంతవి కావు. 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనా పిల్లల విషయంలో, ఒకే పుస్తకం, ఒకే టీచర్ ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఏం చేస్తే సరిపోతుందన్నది 1981లో కాస్టనేడా వర్సెస్ పికార్డ్ తీర్పులో తేలింది. ఆ కేసు పుట్టింది టెక్సాస్ దక్షిణాన రేమండ్‌విల్ అనే చిన్న ఊళ్లో. ఆ మూడు ప్రశ్నలు ఆ తీర్పులోని పరీక్షే. రెండో ప్రశ్న దగ్గర ప్రతిసారీ గది నిశ్శబ్దమయ్యేది.

ఇంకో నిబంధన తెలుగువాళ్లకు ఆసక్తిగా ఉంటుంది. ఒకే భాష మాట్లాడే ఈఎస్ఎల్ పిల్లలు డిస్ట్రిక్ట్ మొత్తంలో ఒక తరగతిలో 20 మంది ఉంటే, ఎలిమెంటరీలో ఆ భాషా ఇంగ్లీషూ కలిపి నేర్పే బైలింగ్వల్ చదువు పెట్టాలి. తెలుగు లెక్క కొన్నిచోట్ల అక్కడికి చేరడం కష్టమేమీ కాదు. సర్టిఫికేట్ ఉన్న తెలుగు టీచర్లు దొరకాలి కదా. దొరక్కపోతే డిస్ట్రిక్టులు రాష్ట్రాన్ని మినహాయింపు అడిగి ఈఎస్ఎల్‌తో నడిపిస్తాయి.

కుదరనివి

మొదటి ఏడాది అయిదో తరగతిలో ఈఎస్ఎల్ పిల్లలందరినీ ఒకే సెక్షన్‌లో వేశాం, నేను వెళ్లడానికి వీలుగా. టైమ్‌టేబుల్‌కి బాగుంది. పిల్లలకు బాగాలేదు. ఆ గదిలో ఇంగ్లీష్ ధారాళంగా మాట్లాడేవాళ్లు పలచబడ్డారు. ఆ టీచర్‌కి మోయలేనంత భారమైంది, మిగతా టీచర్లకు అది తమ పని కాదన్న ధీమా వచ్చింది. జనవరిలో మార్చడానికి వీల్లేక ఏడాదంతా అలాగే ఈడ్చాం. రెండో ఏడాది రెండు సెక్షన్లకు పంచాం.

చిన్నా పక్కన తెలుగు వచ్చిన ఒక పాపను కూర్చోబెట్టాం. ఇక్కడే పుట్టిన పిల్ల, నెమ్మదస్తురాలు. మూడు వారాలు అనువాదం చేసి పెట్టింది. నాలుగో వారం వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, "అక్కా, మీరేమీ అనుకోవద్దు. మా అమ్మాయి చదువుకోవాలా, ట్రాన్స్‌లేషన్ చేస్తూ కూర్చోవాలా?" అంది. నా దగ్గర మాట లేదు. సారీ చెప్పి మర్నాడే సీటు మార్పించాను. చిన్నాకి అది మేలే అయ్యింది, ఎందుకంటే ఇక తప్పక ఇంగ్లీష్‌లో అడగాల్సి వచ్చింది. కానీ ఆ పాప మూడు వారాలు పోయాయి.

రెండో తరగతి లంచ్ 10:45కే ఉండిపోయింది. రెండేళ్లలోనూ దానికి దారి దొరకలేదు.

శాతాలు ఇక్కడ రాయడం లేదు. ఒక్క స్కూలు, కొద్దిమంది పిల్లలు. రెండు కుటుంబాలు ఇల్లు మారితే లెక్కంతా మారిపోతుంది. చిన్నా సంగతి చెప్పగలను. ఆ వసంతంలో టెల్‌పాస్‌లో మాట్లాడడం ఇంటర్మీడియట్, చదవడం అడ్వాన్స్‌డ్ వచ్చింది. ఎవరూ ఏమీ చేయకపోయినా వాడు మాట్లాడేవాడే అనొచ్చు. అనండి. ఏప్రిల్‌లో ఒక రోజు నేను ఆ క్లాసులో ఉండగా చిన్నా చెయ్యెత్తాడు. "ఐ హావ్ ఎ డౌట్." టీచర్ తల ఊపి, అడుగు అంది. ఎవరూ నవ్వలేదు. పక్క వరసలో ఒక మెక్సికో పిల్లవాడు కూడా చెయ్యెత్తి, తనకీ ఒక డౌట్ ఉందన్నాడు.

రెండేళ్లు పూర్తవగానే ప్రిన్సిపాల్‌ని డిస్ట్రిక్ట్ ఆఫీసుకి బదిలీ చేశారు. కొత్తాయన ఆగస్టులో వచ్చారు. మొదటి వారంలోనే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇవాళ మొదటి తరగతి మీరు చూసుకోగలరా అని. పాత రంగుల మాస్టర్ షెడ్యూల్ కాపీ ఒకటి డ్రాయరులో దాచుకున్నాను. అది తీసుకుని ఆయన గది ముందు నిలబడి తలుపు తట్టాను.